కొటేషన్‌లో లేనివి: ఒక కాంట్రాక్ట్ ల్యాబ్‌తో మా ఎనిమిది నెలలు

మా మందుని ఎలుకల మీద పరీక్షించి ఇచ్చిన ల్యాబ్ ఇది. రేటింగ్ ముందే చెప్పేస్తాను, చివరిదాకా చదివే ఓపిక అందరికీ ఉండదు. ప్రెషర్ కొలిచే పనికి ఐదుకి ఐదు. జంతువుల్ని చూసుకునే తీరుకి నాలుగు. స్టడీ డిజైన్‌కి ఒకటి, అదీ మేము గొడవ చేశాక మార్చినందుకు. రిపోర్టుకి రెండు. సగటు కావాలంటే మీరే కట్టుకోండి.

ల్యాబ్ పేరు రాయను. శామీర్‌పేట దాటి తుర్కపల్లి వైపు వెళ్తుంటే అద్దాల బిల్డింగులు బోలెడు వస్తాయి, అందులో ఒకటి అనుకోండి. పేరు బయటపెడితే మొదట మాట పడేది అక్కడ అందరికంటే బాగా పనిచేసే ఇద్దరికే అని నాకు తెలుసు.

మాది ముగ్గురుండే కంపెనీ. ఇద్దరు కెమిస్ట్రీ, నేను ఫార్మకాలజీ. మా దగ్గర ఒక మాలిక్యూల్ ఉంది, పల్మనరీ హైపర్‌టెన్షన్‌కి పనికొస్తుందేమోనని ఆశ. చేతికి పట్టీ చుట్టి చూసే బీపీకి దీనికి సంబంధం లేదు. గుండె కుడి వైపు నుంచి ఊపిరితిత్తులకి వెళ్లే పెద్ద నాళంలో ప్రెషర్ ఇది. మామూలు మనిషిలో చాలా తక్కువగా ఉంటుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు సగటున 20 మిల్లీమీటర్లు దాటితే జబ్బు కిందే లెక్క, 2018 దాకా ఆ గీత 25 దగ్గర ఉండేది. ఊపిరితిత్తుల్లోని సన్న నాళాల గోడలు మందమై దారి ఇరుకైపోతుంది. కుడి గది గోడ పల్చటిది, అంత బరువు లాగడానికి పుట్టింది కాదు. కొన్నాళ్లు కండ పెంచుకుని నెట్టుకొస్తుంది, ఆ తర్వాత చేతులెత్తేస్తుంది.

మందు మనిషి దాకా వెళ్లాలంటే ముందు ఎలుకలో చూపించాలి. మాకు యానిమల్ హౌస్ లేదు. అందుకని కొటేషన్లు తెప్పించాం.

ఈ ల్యాబ్ కొటేషన్ చూస్తే హోటల్ మెనూ గుర్తొచ్చింది. మోనోక్రోటలిన్ ఎలుక, 28 రోజులు. హైపాక్సియా ఎలుక, అంటే ఆక్సిజన్ తక్కువున్న గాలిలో ఉంచినది, 21 రోజులు. సుగెన్ అనే మందు ప్లస్ హైపాక్సియా, దానికి రేటు ఫోన్‌లో అడగాలట, చేపల కూర రేటు లాగా. ఎకో, అంటే గుండె స్కానింగ్, ఎక్స్‌ట్రా. హిస్టాలజీ, అంటే కణజాలం ముక్కలు మైక్రోస్కోప్ కింద చూడటం, అదీ ఎక్స్‌ట్రా. అన్నిటికంటే చౌక మొదటిదే. మా సార్ వేలు కూడా దాని మీదే పడింది.

మోనోక్రోటలిన్ గురించి తెలియనివాళ్లకి కొంచెం చెప్పాలి. పచ్చిరొట్ట కోసం పొలంలో జనుము చల్లుతారు కదా, ఆ జాతిలోనే క్రోటలేరియా స్పెక్టాబిలిస్ అని ఒక మొక్క ఉంది. ఎండిన కాయని చెవి దగ్గర ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. ఆ గింజల్లోని విషమే మోనోక్రోటలిన్. ఎలుకకి ఒక్కటే ఇంజెక్షన్, కిలోకి 60 మిల్లీగ్రాములు. అంటే 250 గ్రాముల ఎలుకకి 15 మిల్లీగ్రాములు. పొడిని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో కరిగించి, సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 7.4 దగ్గరికి తెచ్చి ఎక్కిస్తారు. ఆ రోజు ఎలుకకి ఏమీ అయినట్టు ఉండదు, తింటుంది, తిరుగుతుంది. లోపల లివర్‌లో ఒక ఎంజైము ఆ విషాన్ని ఇంకో రూపంలోకి మారుస్తుంది. ఆ కొత్త రూపమే రక్తంలో కొట్టుకెళ్లి ఊపిరితిత్తుల నాళాల లోపలి పొరని దెబ్బతీస్తుంది. ముందు వాపు వస్తుంది, తర్వాత గోడలు మందమవుతాయి, మూడు నాలుగు వారాలకి కుడి గుండె ఉబ్బుతుంది. చిట్టెలుకలకి ఇస్తే ఇంత స్పష్టంగా జబ్బు రాదు. వాటి లివర్ ఈ విషాన్ని వేరేగా నడిపిస్తుంది.

ఇందులో లివర్ సంగతి గుర్తుపెట్టుకోండి, కథంతా అక్కడే తిరిగింది.

ప్యాకేజీలో మందు మొదలుపెట్టే రోజు దగ్గర 'డే 0' అని ఉంది. విషం ఇచ్చే రోజు ఉదయమే మన మందు మొదటి డోసు. నేను అప్పుడే అడ్డం పడాల్సింది. పడలేదు. కొత్త ల్యాబ్, ముందు ఒక చిన్న పైలట్ చేసి చూద్దాం, వాళ్ల చెయ్యి ఎలా ఉందో తెలుస్తుంది అనుకున్నాను. 18 ఎలుకలు, గ్రూపుకి ఆరు. లక్షన్నర చిల్లర, జీఎస్టీ వేరే.

ఫలితం వచ్చింది. మామూలు ఎలుకల్లో కుడి గది ప్రెషర్ 25 (ఇది గుండె నొక్కినప్పటి పై అంకె, సగటు కాదు). విషం మాత్రమే ఇచ్చినవాటిలో 61. విషంతోపాటు మా మందు ఇచ్చినవాటిలో 36. మా సార్ కిలో కాజూ కట్లీ తెప్పించారు. రెండు ముక్కలు నేనూ తిన్నాను, అబద్ధం ఎందుకు.

ఆ రాత్రి అల్వాల్‌లో ఇంటికొచ్చి అంట్లు తోముతుంటే బుర్రలో ఒకటే తిరిగింది. మా మాలిక్యూల్ లివర్‌లోని ఎంజైముల్ని కొంత అణుస్తుందని మా దగ్గరే డేటా ఉంది. ఏడాది క్రితం నేనే చేయించిన టెస్ట్. మరి విషాన్ని తయారుచేసేదే లివర్ అయితే, మా మందు జబ్బుని తగ్గించిందా, విషాన్ని విషం కాకుండా ఆపిందా? రెండోదే అయితే మేము కనిపెట్టింది పల్మనరీ హైపర్‌టెన్షన్‌కి మందు కాదు, జనుము జాతి గింజలు తిన్న ఎలుకకి విరుగుడు.

అది పక్కనపెట్టినా ఇంకో చిక్కు ఉంది. ఈ జబ్బున్న మనిషి డాక్టర్ దగ్గరికి ఎప్పుడొస్తాడు? రెండంతస్తులు ఎక్కలేక, మధ్యలో ఆగి రెయిలింగ్ పట్టుకునే రోజులు వచ్చాక. అప్పటికి నాళాలు మందమైపోయి ఉంటాయి. ఎలుకకి మొదటి రోజు నుంచే మందు పోసి, వాపు రాకుండా చూసి, 'ప్రెషర్ తగ్గింది' అని రాసుకుంటే ఆ మనిషికి ఒరిగేదేంటి? వాపు తగ్గించే ఏ మందైనా ఈ పరీక్ష పాసయ్యే అవకాశం ఉంది. మోనోక్రోటలిన్ ఎలుకని బాగుచేసిన మందుల జాబితా చాంతాడంత. అందులో మనుషుల దాకా వచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మర్నాడు స్టడీ డైరెక్టర్‌కి ఫోన్ చేశాను. డే 14 నుంచి మొదలుపెట్టాలి, అంతకుముందు ఎకో చేసి జబ్బు వచ్చిందని రుజువు చూపించాలి, ఆ ఎకో ప్రకారమే గ్రూపులు విడగొట్టాలి, కొలిచేవాళ్లకి ఏ ఎలుక ఏ గ్రూపో తెలియకూడదు అన్నాను.

"మేడం, పేపర్లన్నీ డే 0 తోనే ఉన్నాయి కదా. రిజల్ట్ కూడా బాగా వచ్చింది మీకు. మళ్లీ ఎందుకు?"

"బాగా వచ్చిందనే అడుగుతున్నా సార్."

కాసేపు సైలెంట్. తర్వాత రేటు చెప్పారు. 42 ఎలుకలకి నాలుగు లక్షల పైమాట. ఎకో చేసే ఆమె వారానికి రెండు రోజులే వస్తుందని దానికి విడిగా కట్టమన్నారు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, అడిగినవన్నీ కాగితం మీద పెట్టారు. అసలు ఇవి అడగకుండానే ఉండాల్సినవి. జంతు ప్రయోగాలు ఎలా రాయాలో చెప్పే అరైవ్ మార్గదర్శకాలు 2010లోనే వచ్చాయి, 2020లో మళ్లీ సవరించారు. గ్రూపులు ఎలా విడగొట్టారు, ఎవరికి ఏది తెలియకుండా దాచారు అన్నవి అందులో మొదట్లోనే అడుగుతారు. కొటేషన్‌లో కాఫీ మెషీన్ ఫోటో ఉంది, ఇది లేదు.

వాళ్ల ఎథిక్స్ కమిటీకి మాత్రం నేను ఊహించనంత మార్కులు వేస్తాను. జంతు ప్రయోగాల మీద కన్నేసి ఉంచే కేంద్ర కమిటీ, పాత సీపీసీఎస్ఈఏ, ఇప్పుడు సీసీఎస్ఈఏ అయింది, 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నడుస్తుంది. దాని కింద ప్రతి సంస్థకీ ఒక కమిటీ, దానికి అనుమతి కోసం ఫారం బి పెట్టుకోవాలి. మా ఫారం ఒకసారి వెనక్కొచ్చింది. 'విషం గ్రూపుకి 12 ఎందుకు, 8 చాలదా?' అని అడిగారు. పైలట్‌లో విషం గ్రూపులో ఎలుకకీ ఎలుకకీ ఎంత తేడా ఉందో, నాలుగో వారంలో కొన్ని చనిపోతే ఎన్ని మిగులుతాయో లెక్క కట్టి పంపించాను. ఒప్పుకున్నారు. ఇంకో చోట ఇదే ఫారం చదవకుండా సంతకం పెట్టేసిన అనుభవం నాకుంది, అందుకే ఈ ఆలస్యం మీద నాకు కోపం రాలేదు. మా సార్‌కి వచ్చింది.

అక్కడి యానిమల్ హౌస్ అటెండర్ పెద్దాయన ఒకరున్నారు. ఎలుకని తోక పట్టి ఎత్తరు. వీపు మీదుగా అరచెయ్యి వేసి, బొటనవేలు ఒక చంక కింద, మిగతా వేళ్లు ఇంకో చంక కింద పెట్టి, పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తుతారు. పొద్దున్నే ప్రతి పంజరం ముందు ఆగి, మొక్కజొన్న బెండు పొట్టు మీద రెట్ట ఎలా ఉందో చూస్తారు. 23వ రోజున నేను బరువుల రిజిస్టర్ చూస్తుంటే దగ్గరికొచ్చి మెల్లగా అన్నారు:

"మేడం, గా ముప్పై ఒకటో నంబర్ది రేపటి దాంక ఆగదు. ఊపిరి గుంజుతున్నది. నిన్న సంది మేత ముట్టలే."

బరువు పట్టికలో అది 'ఇంత తగ్గితే ఆపేయాలి' అనే గీత ఇంకా దాటలేదు. రెండు గ్రాములు తగ్గింది, అంతే. వెళ్లి చూస్తే మూలన వీపు ఉబ్బెత్తుగా పెట్టుకుని కూచుంది, బొచ్చు లేచి ఉంది, ముక్కు చుట్టూ నీలంగా ఉంది. బాధపెట్టకుండా దాన్ని అక్కడితో ముగించమన్నాం. ఛాతీ తెరిస్తే ఊపిరితిత్తుల చుట్టూ గోధుమరంగు నీళ్లు. ఆయన కన్ను తక్కెడ కంటే ఒకరోజు ముందుంది. ఆయన జీతం ఎంతో నాకు తెలియదు గానీ బిల్లులో ఆయన పేరు మీద ఏ లైనూ లేదు.

మొత్తం 34 ఎలుకలకి విషం ఇస్తే 28వ రోజు ముందే ఐదు పోయాయి. ఈ మోడల్‌లో అది ఆశ్చర్యపోవాల్సిన సంఖ్యేమీ కాదు. ఆ విషం ఊపిరితిత్తులతో ఆగదు, లివర్‌నీ గుండె కండరాన్నీ కూడా తాకుతుంది, కాబట్టి చనిపోయిన ప్రతి ఎలుకా పల్మనరీ హైపర్‌టెన్షన్‌తోనే పోయిందని రాయడం తప్పు. వాళ్ల డ్రాఫ్ట్ రిపోర్టులో సరిగ్గా అలాగే రాశారు.

ఇప్పుడు ఐదుకి ఐదు సంగతి. నేను రెండు రోజులు పక్కనే నిలబడి చూశాను.

కాథెటర్, అంటే ప్రెషర్ కొలిచే సన్న గొట్టం, పెట్టే కుర్రాడికి పాతికేళ్లుంటాయి. ఎలుకకి ఐసోఫ్లూరేన్ మత్తు ఇచ్చి, వెచ్చటి ప్యాడ్ మీద వెల్లకిలా పడుకోబెడతాడు. మెడ కుడివైపు సెంటీమీటరున్నర గాటు. కండరాలు పక్కకి జరిపితే ముదురు ఊదా రంగులో జుగులర్ వెయిన్, మెడలోని పెద్ద సిర, కనిపిస్తుంది, నానబెట్టిన సేమ్యా పుల్లంత. దాని కింద నుంచి రెండు పట్టు దారాలు తీస్తాడు. పైది ముడి వేస్తాడు, కిందది వదులుగా ఉంచుతాడు. కత్తెర మొనతో ఒక చిన్న గాటు, అంతే, పూర్తిగా తెగితే వెయిన్ లోపలికి ముడుచుకుపోతుంది, ఆ ఎలుక వృథా. ఆ గాట్లోకి కొస కొంచెం వంచిన సన్నటి గొట్టం దూరుస్తాడు. అక్కడి నుంచి అతని కళ్లు ఎలుక మీద ఉండవు, స్క్రీన్ మీదే.

మొదట గీత దాదాపు సున్నా దగ్గర చిన్న చిన్న అలలతో నడుస్తుంది, అంటే గొట్టం పై గదిలో ఉంది. అతను వేళ్ల మధ్య గొట్టాన్ని పావు చుట్టు తిప్పి అర సెంటీమీటరు నెడతాడు. ఒక్కసారిగా గీత లేచి కొండలు కడుతుంది, కింద సున్నా, పైన 60. కుడి గదిలోకి దిగాడు. ఇంకొంచెం తిప్పితే, కొన్ని ఎలుకల్లో, కింది గీత సున్నా వదిలేసి 25, 30 దగ్గర నిలబడుతుంది. అంటే వాల్వు దాటి ఊపిరితిత్తుల నాళంలోకి వెళ్లిపోయాడు. కింది గీత లేవడం చూడగానే అతను గట్టిగా ఊపిరి వదులుతాడు. అతని పక్కన నిలబడి నేనూ వదిలాను.

ఇంతకంటే నాకు నచ్చింది ఇంకోటి. ప్రతి రీడింగ్ పక్కనా గుండె వేగం రాసుకుంటున్నాడు. మత్తు ఎక్కువైతే ఎలుక గుండె నెమ్మదిస్తుంది, ప్రెషర్ దానంతటదే పడిపోతుంది. మందు వల్ల తగ్గిందని మనం సంబరపడతాం. "నిమిషానికి 300 కంటే తగ్గితే నేను తీసుకోను మేడం, మత్తు తగ్గించి ఐదు నిమిషాలు ఆగుతాను" అన్నాడు. ఎవరు నేర్పారని అడిగితే, ముందు పనిచేసిన చోట ఒక స్టడీ మొత్తం ఇలాగే పాడైందని చెప్పాడు. దెబ్బ తిన్నవాడికే గుర్తుంటుంది.

పక్క టేబుల్ దగ్గర మాత్రం వేరే లోకం. అక్కడ గుండె కోసి తూస్తారు. పై గదులు కత్తిరించి పడేసి, కుడి గది బయటి గోడని నడిమి గోడ అంచు వెంబడి కోసి విడిగా తూయాలి. ఎడమ గదినీ నడిమి గోడనీ కలిపి ఇంకో తూకం. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదాన్ని ఫుల్టన్ ఇండెక్స్ అంటారు. ఆరోగ్యంగా ఉన్న ఎలుకకి పావు దగ్గర, అంటే 0.25 చుట్టూ ఉంటుంది. మోనోక్రోటలిన్ ఎలుకలో అర దాకా పోతుంది. పైలట్ రిపోర్టులో మామూలు ఎలుకలకి 0.38 అని ఉంది. ఆ ఎలుకల ప్రెషర్ మాత్రం 25. ప్రెషర్ మామూలుగా ఉండి గుండె ఉబ్బి ఎలా ఉంటుంది? ఫోన్లో అడిగితే 'బయలాజికల్ వేరియేషన్' అన్నారు. వెళ్లి ఫార్మలిన్‌లో దాచిన ముక్కలు బయటికి తీయించి చూశాను. కుడి గోడ ముక్కకి ఒక పక్కన మందంగా అంచు, చీర కుచ్చిళ్లు ఒకవైపే దోపినట్టు. నడిమి గోడలో ఒక చీలిక దీనికే అంటుకుని వచ్చేసింది. దానికితోడు ఒక అమ్మాయి ఫిల్టర్ పేపర్ మీద మూడుసార్లు అద్ది తూస్తోంది, ఇంకో అబ్బాయి అద్దకుండానే రక్తంతో సహా తూస్తున్నాడు. కుడి గది మొత్తం బరువే గ్రాములో ఆరో వంతు ఉండేచోట ఒక చుక్క రక్తం చాలు.

రెండో స్టడీకి ఒక్కరే కోయాలి, కోసేవాళ్లకి గ్రూపు తెలియకూడదు అని రాయించుకున్నాను. మామూలు ఎలుకలది 0.26 వచ్చింది. అప్పుడు నమ్మాను.

మా బాబాయికి షాద్‌నగర్ దగ్గర బ్రాయిలర్ ఫారం ఉండేది. చలికాలంలో రాత్రిళ్లు పరదాలు దించి, బ్రూడర్లు వెలిగించినా, పొద్దున్నే నాలుగైదు పెద్ద కోళ్లు వెల్లకిలా పడి ఉండేవి. పొట్ట బెలూన్‌లా, కోస్తే పసుపు నీళ్లు. 'నీళ్ల పొట్ట' అనేవాడు బాబాయి, వెటర్నరీ డాక్టర్ అసైటిస్ అనేవాడు. తర్వాత చదువుకుంటే తెలిసింది, అది కూడా ఇదే జబ్బు. ఒళ్లు వేగంగా పెరిగేలా పెంచిన కోడికి ఊపిరితిత్తులు ఆ వేగం అందుకోలేవు. చలికి ఆక్సిజన్ అవసరం ఇంకా పెరుగుతుంది. నాళాల్లో ప్రెషర్ పెరిగి కుడి గుండె దెబ్బతింటుంది. అమెరికాలో కొలరాడో కొండల మీద మేసే పశువులకీ ఇలాగే గంగడోలు దగ్గర నీరు దిగుతుందని 1915లోనే రాశారు. ఏ విషమూ ఇంజెక్ట్ చేయకుండా, ఎవరూ అడగకుండా ప్రకృతి చూపించిన మోడళ్లివి. ల్యాబ్ వాళ్లకి బాబాయి కోళ్ల సంగతి చెబితే నవ్వారు. నవ్వాల్సిన విషయమేమీ కాదు, కోళ్ల డాక్టర్లూ కుడి గది కోసి తూచే పద్ధతి వాడతారు.

హైపాక్సియా గదిని కూడా చూపించారు, సుగెన్ ప్యాకేజీ అమ్మే ఉద్దేశంతో. సంగతి ఏంటంటే, గాలిలో ఆక్సిజన్ తగ్గితే ఊపిరితిత్తుల నాళాలు ముడుచుకుంటాయి. పిల్లుల్లో ఫన్ ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ అనే ఇద్దరు 1946లో చూపించిన విషయమే. మూడు వారాలు 10 శాతం ఆక్సిజన్‌లో ఉంచితే, అంటే సుమారు 5,500 మీటర్ల ఎత్తున కూచోబెట్టినట్టు, నాళాలు మందమవుతాయి. కానీ మామూలు గాలిలోకి తెస్తే చాలావరకు మళ్లీ సర్దుకుంటాయి, అంటే మొండి జబ్బు కాదు. దానికి సుగెన్ 5416 అనే మందు ఒక్క డోసు, కిలోకి 20 మిల్లీగ్రాములు, జోడిస్తే కథ మారుతుంది. క్యాన్సర్‌కని తయారుచేసి అక్కడ నెగ్గని మందు అది, నాళాల లోపలి పొరకి బతకమని చెప్పే సంకేతాన్ని ఆపుతుంది. 2001లో ఈ జోడీ వచ్చింది. ఎలుకల్ని మామూలు గాలిలోకి తెచ్చాక కూడా జబ్బు ముదురుతూనే ఉంటుంది. 13, 14 వారాలకి మనుషుల ఊపిరితిత్తుల్లో కనిపించే చిక్కుముడుల్లాంటి నాళాలు ఎలుకల్లోనూ కనిపిస్తాయని 2010లో చూపించారు. మోనోక్రోటలిన్‌లో అవి రావు. ఖర్చు, టైము ఎక్కువ, కానీ నన్నడిగితే నిజంగా మనిషికి దగ్గరగా ఉన్నది ఇదే.

అందుకే ఆర్డర్ ఇద్దామనే వెళ్లాను. అక్రిలిక్ పెట్టె బాగుంది. నైట్రోజన్ వచ్చే పైపు, ఆక్సిజన్ సెన్సర్, ఎలుకలు వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చడానికి సోడా లైమ్ ట్రే, అన్నీ ఉన్నాయి. గోడకి లాగ్ షీట్ వేలాడుతోంది. రెండు గంటలకోసారి ఆక్సిజన్ రీడింగ్ రాయాలి. సోమవారం నుంచి శుక్రవారం దాకా 9.8, 10.3, 10.1, ఒకసారి 11.2 కూడా, పక్కన 'సిలిండర్ మార్చాం' అని. శనివారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దున దాకా అన్నీ 10.0. ఒకే పెన్ను, ఒకే వాలు, ఒకేసారి కూచుని నింపినట్టు. ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోతే ఏం చేస్తారని అడిగాను. యూపీఎస్ ఉందన్నారు. ఎంతసేపు వస్తుందంటే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సుగెన్ ఆర్డర్ ఇవ్వలేదు.

రెండో స్టడీ ఫలితం చెప్పకపోతే మోసం అవుతుంది. మామూలు 26. విషం 65. విషంతోపాటు డే 14 నుంచి మా మందు, 58. పోలికకి పెట్టిన సిల్డెనాఫిల్, ఈ జబ్బుకి ఇప్పటికే వాడే మందు, 54. మా మందు తేడా చూపించిందా అంటే చూపించినట్టే ఉంది, చుక్కలు గ్రాఫ్ మీద పెడితే మాత్రం విషం గ్రూపు చుక్కలతో కలిసిపోతున్నాయి. 36 ఎక్కడ, 58 ఎక్కడ! ఈసారి కాజూ కట్లీ రాలేదు. సార్ రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు, మూడో రోజు "ఇప్పుడే తెలియడం మంచిదేలెండి" అన్నారు. మందు పనికిరాదని ఇంకా తేల్చలేదు, డోసు పెంచి చూడాలి.

ఆలస్యంగా మొదలుపెట్టి నెగ్గినా గ్యారంటీ ఏమీ లేదనుకోండి. బ్లడ్ క్యాన్సర్‌కి వాడే ఇమాటినిబ్‌ని 2005లో జబ్బు ముదిరిన మోనోక్రోటలిన్ ఎలుకలకి ఇస్తే అద్భుతంగా తగ్గింది. 2013లో మనుషుల ట్రయల్‌లో నడక దూరం పెరిగింది, ప్రెషర్ తగ్గింది, కానీ కొందరికి మెదడు పొరల కింద రక్తస్రావమైంది. ఆ సంగతి ఏ ఎలుకా చెప్పలేదు. ఇంకోవైపు, 2024 మార్చిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ జబ్బుకి ఒప్పుకున్న సోటాటర్‌సెప్ట్ మందుని మోనోక్రోటలిన్‌లోనూ సుగెన్‌లోనూ రెండిట్లో చూశారు. రెండు వేర్వేరు మోడళ్లు అడగడం చాదస్తం కాదని సార్‌కి చెప్పడానికి నేను వాడే ఉదాహరణ ఇదే.

రిపోర్టు గురించి రెండు ముక్కలు. 64 పేజీలు, స్పైరల్ బైండింగ్, లామినేటెడ్ అట్ట. 17వ పేజీలో మా మందు పేరు బదులు వేరే కంపెనీ కోడ్ నంబర్ ఉంది, పాత ఫైల్ మీద టైప్ చేసినట్టున్నారు. స్లైడ్ల ఫోటోల్లో విషం గ్రూపువి ఒక జూమ్‌లో, మందు గ్రూపువి ఇంకో జూమ్‌లో ఉన్నాయి, సైజు తెలిపే స్కేల్ బార్ లేదు. రా డేటా అడిగితే 'పీడీఎఫ్‌లో ఉన్నాయి కదా మేడం' అన్నారు. మూడు మెయిళ్ల తర్వాత ప్రెషర్ గీతల ఒరిజినల్ ట్రేస్ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వచ్చాయి. అవి మాత్రం కడిగిన ముత్యాల్లా ఉన్నాయి, ఆ కుర్రాడి చలవ. కొటేషన్ ఒప్పుకునేటప్పుడే రా డేటా, ప్రతి ఎలుక గుండె వేగం, విడివిడి బరువులు ఇవ్వాలని రాయించుకోండి. తర్వాత అడిగితే అదో పెద్ద టెన్షన్.

వచ్చే నెల మళ్లీ 18 ఎలుకలకి స్లాట్ తీసుకున్నాం, కాథెటర్ పనికి మాత్రమే. గుండె కోసి తూచేది నేనే, నా కత్తెర నేనే పట్టుకెళ్తున్నాను. స్లైడ్లు తార్నాకలో తెలిసిన పాథాలజిస్ట్ దగ్గర చదివిస్తాం. మీరూ బుక్ చేసేటట్టయితే శుక్రవారం వద్దు, ఆ కుర్రాడి వారపు సెలవు రోజు అదే, బదులుగా వచ్చేవాళ్ల చెయ్యి ఇంకా కుదరలేదు. హకీంపేట దగ్గర ఉదయం ఎనిమిదిన్నర దాటితే ట్రాఫిక్ కదలదు. లోపల ఏసీ ఎప్పుడూ 22 మీదే ఉంటుంది, స్వెటర్ పెట్టుకోండి. క్యాంటీన్‌లో ఒంటిగంటన్నర తర్వాత పెరుగన్నం తప్ప ఏమీ మిగలదు.